పిండినల్లి చార్టు

ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్లు నేను పెట్టిన సెమినార్ల గురించి చెప్పారు, పట్టుబట్టి వేయించిన సైకిల్ షెడ్డు గురించి చెప్పారు. పిండినల్లి చార్టు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అది వాళ్ల మర్యాద. ఇప్పుడు నా దగ్గర మర్యాద పాటించాల్సిన అవసరం ఎవరికీ లేదు. అందుకని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకోసం ఆ కథ నేనే చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అన్నీ అప్పుడు పాలమూరు జిల్లాలోని ఊళ్లే. వనపర్తి ఊరి బయట మా విశ్వవిద్యాలయానికి ఒక చిన్న కేంద్రం ఉండేది. జీవశాస్త్రాలన్నిటికీ కలిపి ఒకటే ప్రయోగశాల. పొడవాటి గది, నాలుగు నల్లరాతి బల్లలు, ఏడు మైక్రోస్కోపులు. వాటిలో పనిచేసేవి ఐదు. ఆ గదికి ఇన్‌చార్జిని నేను. బీరువా తాళాలు నా జేబులోనే ఉండేవి. గదిలోకి ఎవరు వచ్చినా ముందు వాళ్ల చెప్పుల వైపు, తరవాత చేతుల వైపు చూసేవాణ్ని. అది క్రమశిక్షణ అనుకునేవాణ్ని. పిల్లలు దాన్ని ఏమనుకునేవాళ్లో తెలుసుకోవాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

అలాంటి నాకు ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కళాకారులూ జీవశాస్త్రం వాళ్లూ ఒకే ప్రయోగశాలలో ఏడాది పాటు కలిసి పనిచేయాలట. ఇద్దరూ కలిసి రైతులకు పనికొచ్చేదేదైనా తయారుచేయాలట. రెండుసార్లు చదివి, దాన్ని మా వృక్షశాస్త్రం మేడం చేతిలో పెట్టాను. ఆమె చదివి, "మంచిదే గద సార్. మన పిల్లలు రికార్డుల ఆకు గీస్తె చెప్పు లెక్క ఉంటున్నది. జర ఎవరన్న నేర్పిస్తరు" అంది.

"ల్యాబ్ అంటే సంత కాదు మేడం" అన్నాను.

ఆమె నవ్వి తన స్లైడ్లు తాను చూసుకుంది. నాతో వాదించడం దండగని ఆమెకు అప్పటికే తెలుసు.

వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకాయన యాభై దాటిన చిత్రకారుడు. హైదరాబాదులో చిత్రకళ చదువుకుని, వనపర్తికి తిరిగి వచ్చి ముప్పై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన పని తగ్గిపోయింది. రెండో మనిషి గద్వాల అమ్మాయి, పాతికేళ్లుంటాయి. చేనేత కుటుంబం. చీరల అంచులకూ కొంగులకూ గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేది. మొదటి రోజే నా ముందు గళ్ల కాగితాల కట్ట పెట్టి, "సార్, నాకు కిటికీ దగ్గర బల్ల గావాలె" అంది. అడగటం కాదు, చెప్పటం. నాకు నచ్చలేదు. ఇచ్చాను, ఎందుకంటే ఆ బల్లకున్న మైక్రోస్కోపు పనిచేయదు.

మొదటి రెండు నెలలు నేను చేసిన పరిశోధన ఏమీ లేదు. వాళ్ల తప్పులు పట్టడమే పని. చిత్రకారుడు కుంచెలు కడగడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాడు. కొలతల బీకరులో టీ తాగాడు. ఒక మైక్రోస్కోపు కంటికి నీలం రంగు అంటింది, దాంతో ఆ రోజు నేను కన్ను నీలంగా పెట్టుకుని క్లాసుకు వెళ్లాను. పిల్లలు గంటసేపు నవ్వు ఆపుకున్నారు, ఒక్కరూ చెప్పలేదు. ఆ సాయంత్రం గదికి అడ్డంగా నేల మీద ఎర్ర టేపు అంటించాను. ఇటు సైన్సు, అటు కళ. "అనుమతి లేనిదే దాటరాదు" అని కాగితం మీద రాసి గోడకు పెట్టాను. మర్నాడు చూస్తే ఆ కాగితం చుట్టూ తీగెలూ పువ్వులూ వేసి ఉన్నాయి. చిత్రకారుడు నా దగ్గరికి వచ్చి, "అక్షరాలు జర వంకరున్నయ్ సారూ, అవి గూడ దిద్దిన" అన్నాడు. నిజానికి నా కాగితం ఆ రోజే మొదటిసారి చదవబుద్ధయ్యేలా ఉంది.

ఇక అసలు పని. కొల్లాపూర్ చుట్టూ మామిడి తోటలు. ఆ చలికాలం తోటల్లో పిండినల్లి బాగా పడింది. కొమ్మల మీద, పూత కాడల మీద తెల్లగా పిండి చల్లినట్టు అతుక్కుని రసం పీల్చే పురుగు అది. దాన్ని రైతులు గుర్తుపట్టడానికి పెద్ద రంగుల చార్టు వేద్దామని మేడం అంది. పురుగును నిర్ధారించే బాధ్యత నాది, బొమ్మ గద్వాల అమ్మాయిది, రంగులూ అక్షరాలూ చిత్రకారుడివి. ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. నా డాక్టరేటు మంచినీటి నత్తల మీద. పురుగుల గురించి నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలో ఉన్నంత. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

స్పిరిట్ సీసాలో వేసిన పురుగులు ఆ అమ్మాయి ముందు పెట్టి, గీయమన్నాను. ఆమె సీసాను కాసేపు తిప్పి చూసింది.

"ఇవి సచ్చినయ్ గద సార్. పిండంత కరిగిపోయింది. బతికున్నయి తెచ్చియ్యుండ్రి."

"బొమ్మకు చచ్చినవైతే ఏం, బతికినవైతే ఏం? కదలకుండా ఉంటాయి, నీకే సులువు."

 ఆ ఆదివారం ఆమె తనే కొల్లాపూర్ బస్సెక్కి వెళ్లి, పురుగులున్న మామిడి కొమ్మ తెచ్చుకుంది. గాజు సీసాలో పెట్టి మూతికి గుడ్డ కట్టింది. ఆ వారమంతా ఆ సీసా ముందే కూర్చుంది. ఏం చేస్తోందో నేను అడగలేదు. గీత దాటి వెళ్లడం ఇన్‌చార్జికి నామోషీ.

వారం తరవాత ఆమె రెండు బొమ్మలు తెచ్చింది. ఒకటి చిన్నది, చదునైనది. రెండోది పెద్దది, ఒంటి నిండా తెల్లటి పొడుగాటి కుచ్చులు.

"సార్, వీటిల రెండు తీర్లున్నయ్. చిన్నది కూసున్నకాడ కూసుంటది. పెద్దది ఉరుకుతది. ఇంకోటి, పెద్దది చిన్నదాన్ని తింటున్నది."

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. "పిండినల్లి మాంసం తినదమ్మా, రసం పీలుస్తుంది. చిన్నది పిల్ల, పెద్దది తల్లి. తల్లి పిల్లల పక్కన ఉంటే నీకు తింటున్నట్టు కనబడింది."

"మూడుసార్లు చూసిన సార్."

"నువ్వు డిజైన్లు చూస్తావు. నేను పురుగుల్ని చూస్తాను."

ఆమె కాగితాలు తీసుకుని వెనక్కి తిరిగింది. నేను ఆపి ఇంకో మాట కూడా చెప్పాను. చార్టు మధ్యలో ఆ పెద్దదాన్నే వేయమన్నాను. తెల్లగా, పెద్దగా, భయం పుట్టేలా ఉంది కనుక రైతుకు గుర్తుంటుందన్నాను. కింద పెద్ద అక్షరాలతో రాయించాను: "ఈ పురుగు కనబడిన వెంటనే మందు కొట్టండి." చిత్రకారుడు ఆ అక్షరాలు ఎంత అందంగా రాశాడంటే, దూరం నుంచి కూడా ఒక్క క్షణం అనుమానం రాకుండా చదవొచ్చు.

చార్టు అచ్చయింది. కొల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పంచారు. దాని ఫొటోను నా ప్రొఫెసర్ పదోన్నతి దరఖాస్తుకు జతచేశాను. "నా పర్యవేక్షణలో" అని రాసుకున్నాను. ఆ మాట మటుకు అక్షరాలా నిజం.

పిందె పడే రోజుల్లో కొల్లాపూర్ అవతల ఒక తోటలో రైతుల సమావేశం పెట్టారు. మేం నలుగురం వెళ్లాం. నలభై మంది దాకా చెట్ల కింద కూర్చున్నారు. ఆ అమ్మాయి, నేను చెరో కొస పట్టుకుని చార్టు విప్పాం. నేను గొంతు సవరించుకుంటుంటే ముందు వరసలోంచి ఒక రైతు లేచాడు. ఆ తోట గుత్తకు పట్టింది అతనే.

"సారూ, గా బొమ్మల ఉన్న పురుగునే చూసి మందు గొట్టినం. పెద్దయన్ని సచ్చినయ్. చిన్నయి సచ్చినట్టే ఉండి మల్ల లేసినయ్. ఇప్పుడు జూడు, ఏమన్న మిగిలిందా?"

చూశాను. పూత కాడలు నల్లగా మసి పట్టి ఉన్నాయి. ఆకుల మీద జిగురు. పిందెలు రాలి కింద ఎండిపోయాయి.

అతని పక్కన కూర్చున్న ముసలామె, అతని తల్లి, కూర్చున్న చోటునుంచే అంది: "గా పెద్దయి చిన్నయిటిని తింటుండె సారూ. నేను కండ్లార జూసిన. కొట్టకురా అని జెప్తె, సార్ల కంటె నీకెక్కువ తెలుసా అన్నడు."

 అందరూ నా వైపే చూస్తున్నారు. నా కళ్ల ముందు ఆ రైతు లేడు, ఎండిన పిందెలు లేవు. రెండు నెలల్లో రాబోయే పదోన్నతి ఇంటర్వ్యూ ఉంది. నోటికి వచ్చింది అనేశాను.

"బొమ్మ గీసినవాళ్ల పొరపాటు. కళాకారులకు పురుగుల మధ్య తేడా తెలియదు కదా."

ఆ అమ్మాయి నాకు ఆరడుగుల దూరంలో చార్టు రెండో కొస పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూసింది.  చేతిలో కొస వదిలేసింది. చార్టు గిర్రున చుట్టుకుంటూ వచ్చి నా చేతికి తగిలింది.

తిరుగు ప్రయాణంలో జీపులో ఆమె వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. చిత్రకారుడు నా పక్కన కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక మెల్లగా అన్నాడు: "నేను ముప్పై ఏండ్లు బోర్డులు రాసిన సారూ. తప్పు అక్షరం రాసిననాడు బజార్ల నిచ్చెనేసుకొని, అందరు చూస్తుండంగ నేనే తుడిచిన. ఇంకొకని పేరు జెప్పలె."

నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు. మూడో రోజు మేడం దగ్గర, "ఆ అమ్మాయికి కొంచెం కోపం ఎక్కువలా ఉంది" అన్నాను.

మేడం స్లైడు మీంచి తలెత్తింది. "ఆమె గీసిందే కరెక్ట్ సార్. పెద్దది అక్షింతల పురుగు పిల్ల. ఒంటి మీద పిండి మోసుకొని తిరుగుతది, అందుకనే పిండినల్లి లెక్క కండ్ల వడ్తది. రైతుకు మేలుజేసేది. నిన్న పాత పుస్తకం తీసి చూసిన."

"ముందే చూసి చెప్పొచ్చు కదా!"

"మీరు ఎవర్నన్న అడిగిండ్రా సార్?"

ఆమె క్లాసుకు వెళ్లిపోయింది. గదిలో నేనొక్కణ్నే మిగిలాను. కాసేపు చూసి, ఎర్ర టేపు దాటి ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లాను. గళ్ల కాగితాలు వరసగా పేర్చి ఉన్నాయి. బతికున్న పురుగుల్ని ఆ కాగితం మీద వదిలి, ఎన్ని గళ్లు నడిచాయో లెక్కపెట్టి రాసుకుంది. చిన్నదాని ఎదురుగా "గంటల రెండు గడులు". పెద్దదాని ఎదురుగా "కాగితం దాటి బల్ల మీదికి పోయింది, పట్టుకొచ్చి పెట్టిన". ఒక్కోదానికి ఎన్ని కాళ్లు, ఒంటి మీద ఎన్ని మడతలు, అన్నీ లెక్క. అంచులో పోగులు లెక్కపెట్టే చెయ్యి అది. కాగితం చివర, "తిన్నది" అని రాసి మూడు గీతలు.

గుడ్డ కట్టిన సీసా అక్కడే ఉంది. కొమ్మ ఎండిపోయింది. అడుగున ఆవగింజ కంటే కొంచెం పెద్ద పురుగులు నాలుగు చచ్చి పడి ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. గుండ్రటి వీపు, గట్టి రెక్కలు. అక్షింతల పురుగులు. నా గదిలో, నా బీరువాకు పది అడుగుల దూరంలో, గాజు సీసాలో, నేను కాదన్నది పెరిగి పెద్దదై బయటికి వచ్చి, నేను చూడకుండానే చచ్చిపోయింది. పెద్ద ప్రయోగమేమీ అక్కర్లేకపోయింది. నడిచి వచ్చి చూస్తే సరిపోయేది.

శనివారం గద్వాల బస్సెక్కాను. దారి పొడవునా, నది మీది బీచుపల్లి వంతెన దాటేదాకా, ఏం చెప్పాలో మనసులో వల్లించుకున్నాను. మొదటి వాక్యంలో "పరిస్థితుల ప్రభావం" అనే మాట ఉంది. దాన్ని మూడుసార్లు తీసేసి మూడుసార్లు పెట్టాను.

వాళ్ల ఇంట్లో ముందు గదంతా మగ్గమే. తండ్రి గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. నేనెవరో చెప్పాను. ఆయన చెయ్యి ఆపకుండానే అన్నాడు: "రాండ్రి సార్, కూసోండ్రి. మా బిడ్డ పురుగులను మస్తు గీసింది. కొంగు మీద ఏద్దామంటె వాళ్లమ్మ ఒప్పుకుంటలేదు."

ఆ అమ్మాయి లోపలినుంచి నీళ్ల చెంబుతో వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను లేచి నిలబడి, బస్సులో వల్లించినదంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. తప్పు నాది, నువ్వు చెప్పినా వినలేదు, నలుగురిలో నీ మీదికి నెట్టాను, క్షమించమ్మా, అన్నాను. పరిస్థితుల ప్రభావం కూడా ఎక్కడో దూరింది.

ఆమె అంతా విని, "ఇవన్ని నాకు జెప్తుండ్రేంది సార్? నాకు తెల్వదా?" అంది.

నేను నీళ్ల చెంబు అందుకున్నాను.

"గాడ నలభై మంది ముంగట జెప్పిండ్రు. గాడ్నే జెప్పుండ్రి. వాళ్లు ఇంక పురుగును సంపుతనే ఉన్నరు."

చూడండి, నేను నా పరువు గురించి, ఆమె పరువు గురించి ఆలోచిస్తూ నది దాటి వచ్చాను. ఆమె తోట గురించి ఆలోచిస్తోంది.

సోమవారం విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. చార్టులో నిర్ధారణ తప్పు, తప్పు నాది, ప్రతులన్నీ వెనక్కి తీసుకోవాలి అని. ఇంటర్వ్యూ బాగానే జరిగింది, పదోన్నతి రాలేదు. ఆ ఉత్తరం వల్లే రాలేదని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. అక్కడ అడిగిన తొమ్మిది ప్రశ్నల్లో నాలుగింటికి జవాబు తెలియలేదన్నది మీకు మాత్రమే చెబుతున్నాను. ఉమ్మడి ప్రయోగశాల ఇంకో ఏడాది నడిచి ఆగిపోయింది. ఆమె మళ్లీ పనికి వచ్చింది, ఆ ఏడాది ఆమె బల్లకు పనిచేసే మైక్రోస్కోపు ఇచ్చాను. చిత్రకారుడు మా విద్యార్థులకు రికార్డులు గీయడం నేర్పాడు, ఆకులు ఆకుల్లా కనబడటం మొదలైంది.

ఆ ఉత్తరం రాసిన వారంలోనే మళ్లీ ఆ తోటకు వెళ్లాం. ఊళ్లో చెప్పి పంపితే ముప్పై మంది దాకా వచ్చారు. ఆమె కొత్తగా గీసిన రెండు బొమ్మల్నీ చెట్టుకు కట్టాం. నేను ముందుకు వెళ్లి చెప్పాను. "ఆ రోజు బొమ్మ గీసినవాళ్ల పొరపాటు అన్నాను. అది అబద్ధం. ఈ అమ్మాయి సరిగ్గా చూసింది, సరిగ్గా చెప్పింది. వినకుండా తప్పు వేయించింది నేను. ఈ పెద్ద తెల్ల పురుగు మీ శత్రువు కాదు. దీన్ని చంపకండి."

 ముసలామె ముందుగా తేరుకుంది.

"గదేంది సారూ! అంత పెద్ద సదువు సదివినవంట?"

"నేను చదివింది నత్తల గురించి అమ్మా."

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయాను. గుత్త రైతు నవ్వలేదు.

"నువ్వు తప్పంటున్నవ్ సారూ, మంచిదే" అన్నాడు. "నాకు కాయొస్తదా మల్ల?"

  మీరెప్పుడైనా తప్పు ఒప్పుకోవాల్సి వస్తే, ఒప్పుకోగానే అంతా సర్దుకుంటుందని మాత్రం అనుకోకండి. మనకు గుండె తేలికవుతుంది, ఎదుటివాడి చెట్టు అట్లాగే ఉంటుంది. "రాదు" అన్నాను. అతను తల ఊపాడు.

అప్పుడు ఆ అమ్మాయి కల్పించుకుంది. "అన్నా, గీ గట్టు పక్కపొంటి చెట్లకు మందు గొట్టలె గద? రా, చూద్దాం." అందరం లేచి గట్టు దగ్గరికి వెళ్లాం. అక్కడ ఒక వంగిన కొమ్మ మీద రెండు తీర్ల పురుగులూ పక్కపక్కనే తెల్లగా కనబడుతున్నాయి. అందరూ దాని చుట్టూ మూగారు.

ముసలామె నన్ను భుజం మీద తట్టింది. "నువ్వు జూపియ్యి సారూ. మేలు జేసేది ఏది?"

అందరూ నాకు దారి ఇచ్చారు. కళ్లద్దాలు తుడుచుకుని, దగ్గరికి వంగి, బాగా చూసి, నమ్మకంగా వేలు పెట్టాను. "ఇది."

నా వెనకనుంచి ఆ అమ్మాయి మెల్లగా అంది: "సార్, అది పిండినల్లి."

 గుత్త రైతు నవ్వాడు. ముందు గొంతులోనే నవ్వి, ఆపుకోలేక, చెట్టు మానుకు చెయ్యి ఆనించి నవ్వాడు. నవ్వుతూనే నా దగ్గరికి వచ్చి, నా వేలు పట్టుకుని, అంగుళం పక్కకు జరిపి పెట్టాడు.